మాలకొండయ్య జీపును ఎత్తు చేసిన వైనం

సూర్యభగవానుని రథానికి చక్రం ఒకటే. సారథి అనూరునికి తొడలే లేవు. అయినా సృష్ట్యాది నుండి ఆ రథం దారి తప్పిన దాఖలా లేదు. మార్కాపురంలో పలకల గని యజమాని నరసింహంగారి జీపుకు చక్రాలు నాలుగు. దాని సారథి మాలకొండయ్యకు దృఢమైన కాళ్లు రెండూ ఉన్నవి. అయినా ఆ మాఘమాసమంతా జీపు ఊరి వీధులలో ఎడమకే ఒరుగుతూ పోయింది.

మాలకొండయ్యది బేస్తవారిపేట దగ్గర పల్లె. గొర్రెలు కాచే ఇంట పుట్టి, పెద్దయుద్ధంలో పటాలంలో చేరి, బర్మా బురదలో మోటారు తోలి తిరిగివచ్చినవాడు. రాష్ట్రం ఏర్పడిన ఆ కొత్తలో ఈ తాలూకాలన్నీ కర్నూలు జిల్లాలోనివే; స్టీరింగు పట్టగలవారు అరుదు. పటాలం వదిలించుకున్న పాత జీపును నరసింహంగారు కొన్నప్పుడు మాలకొండయ్య కూడా దానితోపాటే వచ్చినట్లయింది. ఉదయమే జీపును కడిగి, దాని నుదుట విభూతి దిద్దిన తరువాతనే అతడు తన నుదుట పెట్టుకునేవాడు. స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు అతని ముఖాన వెలిసే గాంభీర్యం కల్యాణం జరిపించే అర్చకుల ముఖాన కూడా అంతగా కనిపించదు.

గని దారిలోని బండరాళ్లు జీపు కడుపును గీరుతుండేవి. కమానులకు, అనగా ఇరుసుల మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్టలకు, మరికొన్ని పట్టీలు చేర్చి జీపును ఎత్తు చేయాలని మాలకొండయ్య సంకల్పించాడు. మెకానిక్ హిదాయతుల్లా వారించాడు. ఎత్తడం ఎవరికైనా చేతనవుతుందనీ, ఎత్తిన తరువాత చెదిరిన చక్రాల చూపును మళ్లీ కుదర్చడమే కష్టమనీ చెప్పాడు. ఆ హితవు మాలకొండయ్య చెవికెక్కలేదు. హిదాయతుల్లా గిద్దలూరికి పెండ్లికి పోయిన అదను చూసి, పాడుపడిన లారీ పట్టీలు తెచ్చి తానే బిగించాడు. వామనుడు త్రివిక్రముడైనట్లు జీపు పెరిగి నిలిచింది. ఊరు ఊరంతా వచ్చి చూసింది. అతని భార్య శ్రీశైలమ్మ ఆ ఊరి కళ్లను చూసి భయపడింది.

మరునాటికే తమలపాకుల దుకాణం పందిరి గుంజ ఒకటి నేలకూలింది. వీధి వారన ఆరబోసిన మిరపకాయలు పొడి అయినవి. జీపు చప్పుడు వినగానే ఎడమవైపు ఇండ్లవారు కోళ్లను లోపలికి తోలుకునేవారు. కుడివైపువారు అరుగుల మీద కాళ్లు చాచుకుని వినోదం చూసేవారు. ఇదేమని అడిగినవారికి, ఎడమపక్కనే తోలమని సర్కారు శాసనమున్నదని మాలకొండయ్య బదులిచ్చేవాడు. శాసనం సంగతి ఎట్లున్నా, స్టీరింగును కుడికి లాగిపట్టి లాగిపట్టి వాచిన అతని భుజానికి సాయంత్రమయ్యేసరికి ఆముదం మర్దన తప్పేది కాదు.

నరసింహంగారి సహనం నశించింది. శివరాత్రికి తన తల్లి ఆదెమ్మగారు నల్లమల అడవిలోని శివాలయానికి పోవాలి; ఆలోగా జీపు తిన్నగా నడవకపోతే స్టీరింగు మరొకరికి అప్పగించి, మాలకొండయ్యను గనిలో పలకలు పేర్చే పనికి పంపుతానన్నారు. బర్మాలో బాంబులకు బెదరని గుండె ఆ మాటకు జారిపోయింది.

అభిమానం చంపుకుని జీపును హిదాయతుల్లా షెడ్డుకు చేర్చాడు. హిదాయతుల్లా చక్రాల వెంట దారం కట్టి చూశాడు. ముందు చక్రాలను కలిపే కడ్డీని తిప్పి వాటి చూపు సరిచేశాడు. దారం బాగున్నదని చెప్పింది. రోడ్డు మాత్రం ఒప్పుకోలేదు.

జీపు షెడ్డు నుండి కదిలిన ప్రతిసారీ శ్రీశైలమ్మ దిష్టి తీసేది. గడప పొడుగునా తిన్నని ముగ్గుగీత గీసి, ముందు చక్రాలు రెండూ తొక్కేటట్లు దాని మీద నిమ్మకాయలు పెట్టేది. వెనుక చక్రాలకు వాటి కాయలు వాటికి ఉండనే ఉన్నవి. ఒకనాడు జీపు మెల్లగా గడప దాటుతుండగా, పక్కన చేతులు తుడుచుకుంటున్న హిదాయతుల్లా చెవికి ముందు ఒక చప్పుడు, రెప్పపాటు ఆగి మరొక చప్పుడు వినిపించినవి.

"చెల్లెమ్మా, ఈ కాయలు రోజూ ఇట్లనే పగులుతుండాయా, ఒకటి ముందు, ఒకటి వెనక?"

"అవునన్నా. ఎడమపక్క దిష్టి ఎక్కువుంది. అది తెగేదానికి ఆలస్యమైతాది."

హిదాయతుల్లా జీపు కిందికి దూరాడు. ఒకే గీత మీది కాయలు ఒకేసారి పగలలేదంటే, చక్రాలే ఒకే వరుసలో లేవన్నమాట. ఎడమ కమాను అడుగున ఉండే మేకు ఇరుసు మీది రంధ్రంలో కూర్చోనేలేదు. ఇరుసు ఆ వైపున వెనక్కి జరిగి బిగుసుకుపోయింది.

"కొండన్నా, దీన్ని బిగించింది ఎవరు?"

మాలకొండయ్య ఆకాశం వైపు చూశాడు. "పటాలంలో అట్లనే బిగిస్తాం."

"అందుకే తెల్లోళ్లు దేశం ఇడిసిపెట్టి పోయినారు."

మేకు తన స్థానంలో కూర్చున్నది. చక్రాల చూపు మళ్లీ కుదిరింది. తరువాతిసారి కాయలు రెండూ ఒకే చప్పుడుతో పగిలినవి. దిష్టి పోయిందని శ్రీశైలమ్మ చెంపలు వేసుకుంది. హిదాయతుల్లా కాదనలేదు.

శివరాత్రి ఉదయం ఆదెమ్మగారు పూజాద్రవ్యాల సంచితో, చేతికర్రతో వెనుక సీటు అలంకరించారు. నరసింహంగారు వాకిట నిలిచి చూస్తున్నారు. మాలకొండయ్య గాంభీర్యం తెచ్చుకుని జీపును కదిలించాడు. జీపు కుడికి పోయింది. మాసమంతా వినోదం చూసిన కుడి అరుగులవారు ఒక్క ఉదుటున ఇండ్లలోకి దూకారు. ఒక నులకమంచానికి జానెడు దూరంలో బ్రేకు పడింది.

హిదాయతుల్లా పరుగున వచ్చి, తానెక్కి నడిపి, వీధి మధ్యలో చేతులు వదిలిపెట్టాడు. జీపు గీత గీసినట్లు తిన్నగా పోయింది. అతడు దిగివచ్చి నరసింహంగారికి విన్నవించాడు.

"జీపుకేం లేదయ్యా. ఇన్నాళ్లూ కుడికి లాగీ లాగీ కొండన్న చేతులే అట్ల అలవాటు పడినాయి. చూపు తప్పింది మనిషికి."

నరసింహంగారు మరొకరిని పిలిపించబోగా, జీపు వెనుక సీటు నుండి కర్ర చప్పుడైంది.

"ఒరే నరసింహం, వీడు యాడికి పోతాడో నాకు తెలిసింది. ఆ కొత్తోడు యాడికి పోతాడో ఎవరికి తెలుసు? వీణ్నే తోలనీ."

అప్పుడు శ్రీశైలమ్మ మిగిలిన నిమ్మకాయను భర్త పాదాల ముందు పెట్టి, తొక్కమన్నది. బర్మా వీరుడు ఊరంతా చూస్తుండగా తొక్కాడు.

కుడికి పోయినప్పుడల్లా ఆదెమ్మగారి కర్ర అతని కుడిభుజం మీద పడుతూ వచ్చింది. అడవి మొదలయ్యేసరికి దెబ్బలు పలుచబడినవి. తిరుగు ప్రయాణంలో ఆమె కర్ర ఒళ్లో పెట్టుకుని సుఖంగా నిద్రపోయారు. స్టీరింగు మాలకొండయ్యకే నిలిచింది.

ఆ తరువాత ఎప్పుడు జీపుకు మరమ్మతు జరిగినా శ్రీశైలమ్మ సంతలో నిమ్మకాయలు ఐదు ఏరేది. ఐదవది ఏ చక్రానికని అడగవలసిన అవసరం మార్కాపురంలో ఎవరికీ కలగలేదు.