వేడి మీద కొలిచిన గాలి

నాయిన బండి ఎక్కడం అమ్మ మానేసిందన్న సంగతి మా వీధిలో అందరి తర్వాతే నాకు తెలిసింది. చైతన్యపురిలో ఓ చిన్న దవాఖానలో నర్సుగా చేస్తాను. నా ఆదివారాలు చాలావరకు డ్యూటీలోనే పోతాయి. ఆ ఎండాకాలం ఒక ఆదివారం సెలవు దొరికి కర్మన్‌ఘాట్‌లో మా ఇంట్లోనే ఉన్నాను. చర్చికి వెళ్ళే వేళకి అమ్మ పక్కింటి గుంటూరు ఆంటీతో ఆటో ఎక్కింది. కూతుర్ని అత్తారింటికి సాగనంపేవాడిలా నాయిన ఆ ఆటో వెనకాలే ఖాళీ సీటుతో బండి మీద వెళ్ళాడు.

నేను పెట్రోలు ట్యాంకు మీద కూర్చునే వయసు నుంచీ ఆ ఇద్దరూ చర్చికి ఒకే బండి మీద వెళ్తున్నారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగేశాను.

"నాకు భయమైతుంది బిడ్డా. మలుపు కాడ బండి తోక ఊపుతది," అంది అమ్మ. నాయిన తలెత్తలేదు. కూర గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన ఆంటీ గుమ్మంలోంచే అందుకుంది: "అన్నయ్యగారికి వయసైపోయిందండీ. చేతులు పట్టు తప్పుతున్నాయేమో. ఆ బండి అమ్మేయమనండి వదినా."

విజయవాడ రోడ్డు మీద ఏళ్ళ తరబడి లారీ నడిపిన మనిషిని పట్టుకుని ఆ మాట! నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడ అన్నది నిజమైతే? అందరూ కలిసి ఆయన చేత బండి మాన్పిస్తారు. బండి లేని నాయినను నేను ఊహించుకోలేకపోయాను.

సాయంత్రం కూరగాయలకని దిల్‌సుఖ్‌నగర్ వెళ్తుంటే ఆయన వెనక నేను ఎక్కాను. అమ్మ చెప్పింది నిజమే, మలుపులో వెనక చక్రం అటూ ఇటూ జారినట్టు ఊగింది. వణికే చేతులు రోజూ చూసేదాన్ని కాబట్టి ఆయన చేతులే చూస్తూ కూర్చున్నాను. వాటికేమీ కాలేదు. మరి ఊగేదేమిటి? తెలిసేదాకా నాకు తిండి సయించదు, నా తీరే అంత.

తిరిగొస్తూ ఎల్‌బీ నగర్ బంకులో ఆపాడు. ఆదివారం టైర్లలో గాలి చూపించడం ఆయన నియమం. బంకు కుర్రాడు మీటరు పెట్టి, ఎంతుండాలో అంతకు సరిచేశాడు. నాయిన బండిని పక్కకు నెట్టి, తాళంచెవి కొసతో వెనక టైరు పిన్ను నొక్కాడు. గాలి బుస్సుమంది.

"సరిగ్గుంటే ఎందుకు తీస్తున్నవ్ నాయినా?"

"ఎండకాలం గదా. లారీలల్ల గిట్లనే తీస్తుంటిమి. లేకుంటే టైరు పగులుతది."

మర్నాడు పొద్దున ఆ టైరు వైపు చూస్తే నేల మీద కాస్త పరుచుకుని కనబడింది. పిన్ను మీద ఉమ్ము రాసి చూశాను, బుడగ రాలేదు. మేకూ లేదు. నాయిన తీసింది కొంచెమే, మరి మిగతా గాలి రాత్రికి రాత్రి ఎటు పోయినట్టు? డ్యూటీ నుంచి వస్తూ దిల్‌సుఖ్‌నగర్‌లో స్పేరు పార్టుల దుకాణానికి వెళ్ళి పెన్ను అంత మీటరు ఒకటి కొన్నాను. మరుసటి పొద్దున బండి తీయకముందే పెట్టి చూస్తే, ఉండాల్సిన దానికి బాగా తక్కువుంది. రింగు రోడ్డు దాకా పోయొచ్చి మళ్ళీ చూశాను. పెరిగింది! ఎవరూ కొట్టకుండా గాలి పెరిగింది.

అక్కడే చతికిలబడి నవ్వుకున్నాను. మా దవాఖాన రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కి వచ్చినవాళ్ళకు వెంటనే బీపీ చూడం, కాసేపు కూర్చోబెడతాం. టైరుదీ అదే సంగతి. పరిగెత్తి వేడెక్కిన టైరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. బంకులో ఆ వేడి మీదే సరిచేస్తున్నారు, దాంట్లోంచి నాయిన మళ్ళీ తీస్తున్నాడు. చల్లారాక మిగిలేది తక్కువ గాలే, బండి ఊగేది అందుకే.

చెప్పాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, వినలేదు. కానీ మరుసటి రోజు పొద్దున మీటరు తనే పట్టుకుని, బండి తిప్పి తెచ్చి, మళ్ళీ పెట్టి చూసుకున్నాడు. చాలాసేపు టైరు ముందే గొంతుక్కూర్చున్నాడు.

"గాలి తక్కువుంటే టైరు ఇంక జల్ది వేడెక్కుతదట నాయినా," అన్నాను మెల్లగా.

"అంటే లారీల పగిలిన టైర్లు... నేను గాలి తీసే పగలగొట్టిన్నా?" అన్నాడు. మీటరు నా చేతిలో పెట్టి లేచాడు.

శనివారం పొద్దున వీధి చివర పంక్చర్ షాపు దాకా బండిని నెట్టుకుంటూ వెళ్ళి, టైర్లు చల్లగా ఉండగానే ఇద్దరు మనుషులకు సరిపడా గాలి కొట్టించాం. నన్నెక్కించుకుని ఎన్ని మలుపులు తిప్పినా బండి ఊగలేదు. పరుగున వంటింట్లోకి వెళ్ళి అమ్మకు మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. ఆమె తోటకూర తుంపుతూ అంతా విన్నది.

"టైరు సంగతి నాకేమెరుక. బండి ఊగితే నేనేం భయపడలే. మీ నాయిన భయపడ్డడు. నేను ఎన్క కూసుంటే ఆయన పెయ్యంత కట్టె లెక్క బిగుసుకపోతుండె, నన్నెక్కడ పడేస్తనోనని. నాకు భయమైతుందని ఆయన నోట ఒస్తదా? గందుకే నాకే భయమని చెప్పి దిగిన."

గుంటూరు ఆంటీ, నేను, వీధి వీధంతా ఆమెనే పిరికిదనుకున్నాం. నా చేతిలో మీటరు నాకే బరువనిపించింది.

"నాయినకు తెలుసా?"

"తెల్వనియ్యకు."

ఆదివారం ఆటోను పొమ్మని అమ్మ బండి దగ్గరికి వచ్చింది. నాయిన సీటు తుడిచి, ఆమె మొహం వైపు చూడకుండా అడిగాడు.

"భయం పోయిందా?"

"పోయింది గనీ," అమ్మ ఆయన భుజం పట్టుకుని ఎక్కి కూర్చుంది, "జర మెల్లగ పోనియ్యి."