గడియ వేయని గేటు

రోజూ ప్రార్థన తర్వాత ఒక నీతి మాట చెప్పడం మా బడిలో నా పని. బొంరాస్‌పేట దగ్గరి ఊళ్లో ప్రాథమిక పాఠశాల మాది. తప్పు చేస్తే ఒప్పుకోవాలని పిల్లలకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది. చెప్పేవి శ్రీరంగ నీతులు అంటారే, అది నేనే.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం, తాండూరు బస్సు వెళ్లిపోతుందన్న తొందరలో బడి గేటుకు గడియ వేయకుండా పరుగెత్తాను. బస్సెక్కాక గుర్తొచ్చింది. ఏమవుతుందిలే అనుకున్నాను. తెల్లారి వచ్చేసరికి పిల్లలు నాటిన మొక్కల్లో ఒక్కదానికీ ఆకు లేదు. మేకలు మేసేశాయి.

"ఎవరి మేకలు?" అని హెడ్‌మాస్టరు ప్రార్థనలోనే గద్దించాడు. మేకలు కాచే ఇంటి పిల్ల, నాలుగో తరగతిది, చెయ్యెత్తింది.

"మావే సార్. గేటు తెరిచుంటే లోపటికి వొయినయి. నేను ఎల్లగొట్టేలోపట్నే మేసినయి."

గేటు మాట వచ్చేసింది, ఇక నా వంతే అనుకున్నాను. హెడ్‌మాస్టరు గేటు సంగతి పట్టించుకోలేదు. పంచాయతీకి కబురు పంపాడు. మధ్యాహ్నానికి వాళ్ల మేకలన్నీ బందెలదొడ్డిలో ఉన్నాయి; జరిమానా కడితేనే విడుస్తారు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. మెమో ఇస్తారేమో, పిల్లల ముందు పరువు పోతుందేమో అని అన్నం కూడా సహించలేదు.

సాయంత్రం ఆ పిల్ల తండ్రి కర్ర పట్టుకుని నా తరగతి గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపటి సంది బిడ్డను బడికి తోల మేడం. నిజం జెప్పుమని మీరే నేర్పిండ్రంట. గా నిజం మాకేం కూడు వెడుతది? మేకలను ఇడిపిచ్చుకొని, వాటెంబడే తోలుత."

ఆయన బయటికి నడిచాడు. పిల్ల సంచీ తీసుకోవడానికి వచ్చి, నా చెవి దగ్గర మెల్లగా అంది. "టీచర్, నిన్న మీరు గడియ వెయ్యకుంట ఉరికింది నేను జూసిన. ఎవ్వరికి జెప్పలే. ఫికర్ చెయ్యకుండ్రి."

అప్పుడు పుట్టిన భయం ముందు పొద్దుటి భయం ఎంత! నిజం చెప్పి నష్టపోయిన పిల్ల, నా కోసం దాచడం కూడా నేర్చుకుంది.

"అన్నా, ఆగు" అన్నాను. గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ పిలిచాను. "గడియ వేయనిది నేనే. నీ బిడ్డ చూసింది. పంచాయతీకి వచ్చి నేనే చెప్తాను."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నువ్వు జూసి గూడ నాకెందుకు జెప్పలే?"

"టీచర్ పొద్దటిసంది మస్తు భయపడుతున్నది నాయినా."

ఆయన బిడ్డ భుజాన ఉన్న సంచీ తీసి, మళ్లీ తరగతిలో పెట్టి వెళ్లాడు. తలెత్తి ఆ పిల్లను చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.