అరగదీసిన పేరు

రెండు వేల అయిదు ప్రాంతంలో, భద్రాచలం నుంచి ఖమ్మం పోయే బస్సులో ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. సారపాక దాటాక తనే మాట కలిపాడు.

“వేటకొచ్చిన రాజాను మా తాత పులి నుంచి కాపాడిండు. రాజా తన తుపాకీ ఇచ్చి, దాని మీద తన పేరు పక్కన తాత పేరు చెక్కించిండు. పాత తుపాకులు సేకరించే పట్నమాయన మా ఇంట్ల అన్నం తిని, ‘అన్నా, మీ తాత పేరు అందరూ చదువుతరు’ అన్నడు. నమ్మి ఇచ్చిన. మొన్న పోయి చూస్తే తాత పేరు అరగదీసి ఉంది.”

“ఏమన్నాడు?”

“రాజా తుపాకీ మీద ఇంకొకరి పేరెందుకన్నడు. చాయ్ తాగిపొమ్మన్నడు.”

ఆ తర్వాత ముందు సీటు కడ్డీని బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు. జూలూరుపాడులో ఆయన దిగుతుంటే తాత పేరడిగాను.

“ముత్తయ్య,” అన్నాడు. కండక్టర్ తొందరపెడుతున్నా మెట్టు మీద ఆగి, మళ్లీ గట్టిగా చెప్పాడు.