తెల్లగుడ్డల అంచున రాసిన గడువు

పార్టీల గొడవలు ముదిరిన ఏళ్లలో, జమ్మలమడుగులోని మా తాలూకా ఆఫీసు రికార్డు గదిలో ఫైళ్ల మూటలకు రంగు గుడ్డలు కట్టడం మానేశాం. అంతకుముందు శాశ్వతంగా ఉంచాల్సినవాటికి ఒక రంగు, ఏడాదికి తీసేయాల్సినవాటికి ఇంకో రంగు కట్టేవాళ్లం. "మా ఊరి మూటకు వాళ్ల పార్టీ రంగు ఏందప్పా?" అంటూ రెండు వర్గాలూ మీదికొచ్చేవి. అందుకని అన్నిటికీ తెల్లగుడ్డే కట్టి, ఎన్నేళ్లు ఉంచాలో దాని అంచున సిరాతో రాసేవాణ్ణి.

నేను రిటైరయ్యే ఏడు ఆ కాగితాలను కంప్యూటరులోకి ఎక్కించారు. అటెండరు గుడ్డలు విప్పి, దుమ్ముగా ఉన్నాయని ఉతికి ఆరేశాడు. సిరా పోయింది. గడువు తెలియక ఆపరేటరమ్మాయి అన్నిటికీ ఒక ఏడాదే వేసింది. రెండు వర్గాలూ ఎన్నో ఏళ్లు కొట్టుకుని, చివరికి ఒప్పుకుని సంతకాలు చేసిన బండిదారి ఫైలు కూడా ఏడాదికి చెరిగిపోతుంది!

ఏ మూటకు ఏ గడువో నేను రోజూ డైరీలో రాసుకునేవాణ్ణి. మరునాడే ప్రొద్దుటూరులోని ఇంటినుంచి డైరీలన్నీ సంచిలో మోసుకొచ్చాను.

"ఇంట్లో గూడా ఆఫీసేనా సార్? మీ ఇంటామె ఏమనదా?" అంది ఆ అమ్మాయి.

"శానా అనింది. నువ్వు కొట్టమ్మా."

మొదట డైరీలోంచి బండిదారి ఫైలు గడువే చదివాను. తెరమీద 'శాశ్వతం' అని పడగానే గదిలో అందరికీ టీ చెప్పాను.