కుందేలు కింద బొంత

ఎల్బీనగర్ మెట్రో మెట్ల కింద ఇనుప జాలీ పంజరాల్లో కుందేళ్లు అమ్ముతున్నారు. అందులో ఒకటి ఒక కాలు ఎత్తి, అది దించి ఇంకో కాలు ఎత్తుతోంది. నేనూ అలాగే కాళ్లు మార్చుకుంటూ నిలబడి చూశాను. మందుల దుకాణం కౌంటర్ వెనక పొద్దంతా నిలబడి వస్తున్నాను మరి.

నా ఎనిమిదో ఏట మా కుందేలు ఇలాగే చేస్తుంటే డాన్స్ అనుకుని చప్పట్లు కొట్టాను. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో రోజంతా నిలబడి పనిచేసే అమ్మ అప్పుడే ఇంటికొచ్చింది. చెప్పులైనా విప్పకుండా పంజరం ముందు కూలబడింది.

"డాన్స్ కాదు బిడ్డా, దానికి కాళ్లు గుంజుతున్నయ్."

ఎత్తి చూస్తే వెనక పాదాల బొచ్చు ఊడి, ఎర్రగా పుండ్లు పడి ఉన్నాయి. పశువుల దవాఖానలో డాక్టరు పూతమందు ఇచ్చి, జాలీ మీద మెత్తటిదేదైనా పరవమన్నాడు. ప్లాస్టిక్ చాప వేస్తే కుందేలు జారింది. పేపర్లు వేస్తే తడిసి ముద్దయ్యాయి. చివరికి అమ్మ వంటింట్లోంచి పాత నూలు చీరల బొంత తెచ్చి, మడతపెట్టి పరిచింది. అది స్టవ్ ముందు తన కాళ్ల కింద వేసుకునే బొంత.

"మరి నీకు?" అన్నాను.

"నాకేంది? నాకలవాటే."

నమ్మేశాను. కుందేలు మొదటిసారి కాళ్లు చాపుకుని పడుకుంటే పక్కనే కూర్చుని సంబరంగా చూశాను. వంటింట్లో అమ్మ వట్టి బండల మీద నిలబడి, ఒక కాలు ఎత్తి, అది దించి ఇంకో కాలు ఎత్తుతూ కూర కలుపుతోంది.

అదీ చూశాను. ఏమీ అనిపించలేదు.