ఎడమకు గుంజింది గంగాధర్ చిన్నాయన చెయ్యి కాదు

చిన్నాయన పోయాడని నిన్న నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు.

డిచ్‌పల్లిలో బస్సు కోసం నిలబడి ఫోన్ తెరిస్తే మహేశ్ స్టేటస్ కనిపించింది. గేమ్ కంట్రోలర్ పట్టుకున్న చిన్నాయన ఫోటో. కింద "మా ఫ్యామిలీ గేమింగ్ లెజెండ్ ఇక లేరు" అని రాసి, వరసగా ఏడుపు బొమ్మలు.

ఏదో జోక్ అనుకున్నాను. చిన్నమ్మకు ఫోన్ కలిపాను. ఆమె గొంతు విన్నాక, బస్సు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు వెళ్లిపోయిందో నాకు తెలియదు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

లెజెండ్ అట.

మహేశ్, నీకు నిజంగా సిగ్గు లేదా?

తెలియని ఫ్రెండ్స్ కోసం చెబుతున్నాను. గంగాధర్ మా నాన్నకు తమ్ముడు. ఆర్మూర్‌లో విత్తనాల దుకాణం ఆయనది. అంకాపూర్, వేల్పూర్ రైతులు ఆయన చెప్పిందే మక్క విత్తనం, ఆయన చెప్పిందే పసుపు కొమ్ము. మహేశ్ మా పెద్దనాన్న కొడుకు. ఆ దుకాణం మీద వాడికి ఎప్పటినుంచో కన్ను.

కొన్నేళ్ల కింద చిన్నాయనకు పార్కిన్సన్స్ వచ్చింది. ఎడమ చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకుంటే వణికేది. పనిలో పెడితే చాలావరకు ఆగిపోయేది. ఆయన జబ్బు తీరు అలాంటిదని డాక్టర్ అందరి ముందే చెప్పాడు. వినడానికి మనవాళ్లకు చెవులుండాలి కదా.

వేళ్లు బిగుసుకుపోకుండా పిసకమని రబ్బరు బంతి ఇచ్చారు. చిన్నాయన దాన్ని విసిరేశాడు.

"గీ బంతి పిసుక్కుంట కూసునుడు నాతోని కాదు బిడ్డా."

నా పాత గేమ్ కన్సోల్ ఇచ్చాను. ఫుట్‌బాల్ గేమ్ పట్టుకున్నాడు. ఇక వదల్లేదు.

ఈ వయసులో ఇదేం పిచ్చి అని పగలబడి నవ్విన మహానుభావులంతా నిన్న దండలు పట్టుకుని ముందు వరసలో ఉన్నారు. చూశాను. ఒక్కొక్కరి మొహం చూశాను.

ఒక ఆదివారం అందరూ చిన్నాయన ఇంట్లో భోజనాలకు వచ్చారు. ఆయన ఆడుతుంటే టీవీలో ఆటగాడు మాటిమాటికీ ఎడమకు పోతున్నాడు. మహేశ్‌కు పండగైంది.

"చూసిండ్రా, చెయ్యి ఎట్ల గుంజుతుందో! బొమ్మనే పట్టుకోలేకపోతుండు, రేపు కాంటా ఎట్ల పడ్తడు? చిన్నాయనా, దుకాణం నాకు ఇడిసిపెట్టు. జర రెస్ట్ తీస్కో."

అందరూ తల ఊపారు. చికెన్ నములుతూ ఊపారు.

చిన్నాయన కంట్రోలర్‌ను టీపాయ్ మీద పెట్టి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. ఒళ్లో ఎడమ చెయ్యి వణుకుతూనే ఉంది. టీవీలో ఆటగాడు మాత్రం ఎవరూ ముట్టుకోకుండానే ఎడమకు నడుచుకుంటూ గీత దాటి వెళ్లిపోయాడు.

"గిప్పుడు ఎవని చెయ్యి గుంజుతుందిరా, మహేశ్?" అన్నాడు చిన్నాయన.

"ఏమో, ఏదో సెట్టింగ్ అయుంటది" అని గొణిగాడు వాడు. అంత తెలివి.

దాన్ని స్టిక్ డ్రిఫ్ట్ అంటారు. స్టిక్ అంటే కంట్రోలర్ మీద బొటనవేలితో కదిపే చిన్న మీట. మనం ముట్టుకోకపోయినా, తనను ఎవరో నెడుతున్నట్టు స్టిక్ సిగ్నల్ పంపిస్తుంది.

నిజామాబాద్‌లో ఒక రిపేర్ షాపుకు వెళ్లాం. అక్కడి మేధావి కంట్రోలర్‌ను ఆన్ కూడా చేయలేదు. చిన్నాయన చేతిని చూశాడు, అంతే. ఆయనతో కాదు, నాతో మాట్లాడాడు.

"ఇది మంచిగనే ఉంది మేడమ్. అంకుల్ చెయ్యే ప్రాబ్లమ్. కొత్తది కొన్నా గిట్లనే అయితది."

చిన్నాయన కంట్రోలర్ లాక్కున్నాడు. "నడువు బిడ్డా. ముందు గీని కండ్లు రిపేర్ చెయ్యాలె."

ఇంటికొచ్చి కంప్యూటర్‌కు కలిపి చూశాం. స్టిక్ ఎటుందో తెర మీద చూపించే చుక్క మధ్యలో ఉండాల్సింది, ఎడమ పక్కన కూర్చుంది. స్టిక్‌ను నెట్టి వదిలితే ప్రతిసారీ వేరేచోట ఆగుతోంది. చిన్నాయన కంట్రోలర్ విప్పి, ఆల్కహాల్‌తో లోపల శుభ్రం చేశాడు. పసుపు దుమ్ము వచ్చింది. మా ఊళ్లో అది దేన్నీ వదలదు. కొన్నాళ్లు బాగానే నడిచింది. మళ్లీ మొదలైంది.

"దుమ్ము కాదు బిడ్డా. లోపల పట్టీ అరిగిపోయింది."

స్టిక్ కొంచెం కదిలితే పట్టించుకోకుండా ఉండేలా గేమ్‌లో సెట్టింగ్ ఉంటుంది, అది పెంచుదాం అన్నాను.

"తప్పు కనవడకుంట దాసిపెట్టుడు మీ పెద్దనాయన ఇంట్ల చేస్తరు. మనం తీసి పారేద్దాం."

రాపిడి లేని అయస్కాంతం రకం స్టిక్ తెప్పించాడు. పాతది ఊడదీయడమే కష్టం. వేడి ఎక్కువైతే బోర్డు పాడవుతుంది. నేను చేస్తానన్నాను. ఇవ్వలేదు. చిన్నమ్మ గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. సోల్డరింగ్ ఐరన్ ఎడమ చేత్తోనే పట్టుకున్నాడు, ఆయనది ఎడమ చేతివాటం. మొన బోర్డుకు తగిలే ముందు చెయ్యి ఒకసారి అదిరింది. తర్వాత కుదురుకుంది.

ఆన్ చేస్తే చుక్క మేకు కొట్టినట్టు మధ్యలో నిలబడింది.

ఆయన నవ్వలేదు. కళ్లు తుడుచుకున్నాడు. చెయ్యి నిజంగానే పనికిరాకుండా పోయిందేమో అని ఆయన కూడా భయపడ్డాడని నాకు అప్పుడే అర్థమైంది. ఆ భయం పెట్టింది మీరు.

మరునాడు దుకాణానికి వెళ్తే కౌంటర్ వెనక మహేశ్ కూర్చుని ఉన్నాడు.

"దిగు."

చిన్నాయన అంతే అన్నాడు. మొన్న సాయంత్రం దాకా ఆ కుర్చీలో కూర్చున్నది చిన్నాయనే.

నిన్న కాష్టం దగ్గర మహేశ్ వచ్చినవాళ్లకు చెబుతున్నాడు, "గేమ్ ఆడుమని మేమే ఎంకరేజ్ చేసినం" అని. ఇల్లు చేరాక, ఇంకా ఎవరూ స్నానాలు కూడా చేయకముందే, చిన్నమ్మ పక్కకు వచ్చి దుకాణం తాళాలు అడిగాడు.

చిన్నమ్మ ఏడుపు ఆపింది.

"నా నడుముకే ఉన్నయి. దినాలు కాంగనే నేనే తెరుస్త. నువ్వు పో."

పోయి రా చిన్నాయనా. నువ్వు వెళ్లిన చోట నిన్ను చూసి 'అయ్యో పాపం' అనేవాళ్లు ఒక్కరూ ఎదురుపడకూడదు. నిమ్మళంగా ఉండు.