ముందు సీటు అడిగిన అతిథి

విదేశీ అతిథులకు ఏం కావాలో మాకు అమలాపురంలో ఒక హాల్లో చెప్పారు. కరోనాతో పడిపోయిన టూరిజాన్ని మళ్ళీ నిలబెట్టాలని పర్యాటక శాఖవాళ్ళు కోనసీమలో ఖాళీ గదులున్న ఇళ్ళవాళ్ళని పిలిచారు. మా మేడమీద రెండు గదులు కొన్నాళ్ళుగా ఖాళీగా ఉన్నాయి. అంతకుముందు వాటిలో మా స్కూలు టీచర్లు అద్దెకుండేవారు. స్కూల్లో పిల్లలు తగ్గారు, టీచర్లకి బదిలీలయ్యాయి, గదులు మిగిలాయి.

ఆ మీటింగులో మాట్లాడిన అధికారి చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. తెల్ల దుప్పట్లు వెయ్యమన్నాడు. కూరల్లో కారం తగ్గించమన్నాడు. మీ వయసెంత, పిల్లలెంతమంది, జీతమెంత అని అతిథిని అడగొద్దన్నాడు. వెనక వరసలోంచి ఒకాయన లేచి, "మరేం మాట్లాడాలండీ?" అని అడిగాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. అందరికీ అదే సందేహం.

"వాళ్ళకేం కావాలో వాళ్ళు అడక్కముందే మనం ఇవ్వాలండీ" అన్నాడు అధికారి. మా ఆయన ఆ మాటని మనసులో పెట్టేసుకున్నారు.

నేను మా అల్లవరం మండలంలోనే ముప్పయ్యేళ్ళకు పైగా హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇంగ్లీషు చెప్పానే గాని, ఇంగ్లీషులో ఎవరితోనూ మాట్లాడిన పాపాన పోలేదు. అయినా ఊళ్ళో వాళ్ళు, టీచరుగారింట్లో అయితే విదేశీయులకి భాషకి లోటుండదని తేల్చేశారు.

క్రిస్మస్ అయిన వారానికి మొదటి అతిథి వచ్చింది. అరవై దాటిన మనిషి, ఒక్కతే. ఏడాదిలో సగం మంచు కురిసే దేశం ఆవిడది. పొడుగ్గా ఉంది, తెల్లజుట్టు మగవాళ్ళలా కత్తిరించుకుంది. ఇంగ్లీషు ఆవిడకీ సొంత భాష కాదు కాబట్టి ఒక్కో మాటా ఆలోచించుకుని మాట్లాడేది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మా ఆయన ఆవిడ పెట్టె మేడమీదికి చేర్చి, కిందికి దిగుతూనే, "ఏం ఉద్యోగం చేసేవారో అడుగు" అన్నారు. అడక్కూడదని మీటింగులో చెప్పారు కదా అన్నాను. జీతం అడగొద్దన్నారు గాని ఉద్యోగం అడగొద్దనలేదన్నారు. అడిగాను. ట్రాన్స్‌పోర్టులో చేసి రిటైరయ్యానంది. సాయంత్రానికల్లా మా వీధిలో అందరికీ తెలిసిపోయింది: టీచరుగారింట్లో రవాణా శాఖ పెద్దాఫీసరు దిగిందని. లైసెన్సు రెన్యువల్ ఆగిపోయిన ఒకాయన చక్రకేళీల గెల పట్టుకొచ్చి, ఏమైనా సాయం చెయ్యగలరేమో అడగమన్నాడు. ఆవిడ దేశం వేరండీ అంటే, "ఆయ్, అయినా ఒక మాట చెప్పి చూడండి" అన్నాడు. గెల మాత్రం వెనక్కి తీసుకెళ్ళలేదు.

అతిథి అడక్కముందే ఇవ్వాలి కాబట్టి కార్యక్రమం మా ఆయనే వేశారు. మొదటి రోజు దిండిలో పడవ, రెండో రోజు మురమళ్ళ. పడవలో ఆవిడ గోదావరిని చూసి, "చాలా అందంగా ఉంది" అంది. కొబ్బరి చెట్లెక్కేవాణ్ణి చూసి అదే మాట అంది. మర్నాడు సాయంత్రం పక్కింటివాళ్ళ సాయంతో మురమళ్ళ వెళ్ళి వీరేశ్వరస్వామి కల్యాణం చూపించాం. ఇక్కడ దేవుడికి రోజూ పెళ్ళే అని నేను చెప్పాను. "రోజూనా?" అని అడిగి, "చాలా అందంగా ఉంది" అంది. ఏళ్ళ తరబడి పిల్లల చేత పాఠాలు ఒప్పజెప్పించుకున్నదాన్ని. బట్టీ పట్టిన జవాబేదో వినగానే తెలుస్తుంది. మా ఆయనకి మాత్రం కార్యక్రమం దివ్యంగా సాగుతోంది.

మురమళ్ళ నించి వస్తూ అమలాపురం బస్టాండు దగ్గర కారాపారు, మా ఆయన బీపీ మాత్రలు కొనడానికి. ఆవిడ కాళ్ళు పట్టేశాయని కారు దిగింది. నేనూ దిగాను. బస్టాండులో ఒక బస్సు వెనక్కి తీసి, ఆటోలనీ మనుషుల్నీ తప్పించుకుని, మలుపు తిరిగి బయటికి వెళ్ళింది. దాని వెనక ఇంకోటి. ఆవిడ గోడ పక్కన నిలబడిపోయి చూస్తోంది. మా ఆయన మాత్రలు కొనుక్కుని, అరటిపళ్ళు కూడా కొనుక్కుని వచ్చేశారు. ఆవిడ కదల్లేదు.

"ఆ బస్సుల్లో డ్రైవరు పక్కన కూర్చోనిస్తారా?" అని నన్నడిగింది.

వచ్చాక ఆవిడ నోరు తెరిచి అడిగిన మొదటి సంగతి అది. ఎందుకన్నాను. జీవితమంతా వాళ్ళ ఊళ్ళో సిటీ బస్సు నడిపానని చెప్పింది. మంచు పడ్డ రోజుల్లో కూడా. మోకాళ్ళు పాడై మానేసిందట. ఇప్పుడు ప్రయాణికురాలిగా ఎక్కుతుంటే డ్రైవరుకీ జనానికీ మధ్య అద్దాల గది కట్టేశారట, పలకరించడానికి కూడా వీల్లేదట.

కారులో మా ఆయనకి తెలుగులో చెప్పాను. "ఆఫీసరని అందరికీ చెప్పేశాను కదే" అన్నారు. ఆ వార్తని దిద్దే పని ఆయనా పెట్టుకోలేదు, నేనూ పెట్టుకోలేదు.

మర్నాడు మా ఇంటి ముందు నించే వెళ్ళే ఓడలరేవు బస్సెక్కాం. పల్లెవెలుగు బస్సు, కాలవ గట్టు మీద రోడ్డు. డ్రైవరుకి యాభై దాటి ఉంటాయి, మెడలో తువ్వాలు. ఆఫీసరుగారి సంగతి ఆయన చెవిన కూడా పడింది. "ఆయ్, కూర్చోమనండి టీచరుగారూ" అని ఇంజను పక్క సీటు మీద ఎవరో పెట్టుకున్న కూరగాయల సంచీ తీయించాడు. కండక్టరమ్మాయి వచ్చి నా ఆధార్ చూసి సున్నా టిక్కెట్టు ఇచ్చింది. ఆడవాళ్ళకి ఛార్జీ తీసేశారు కదా.

"మేడమ్‌గారికి ఆధార్ ఉందాండీ?"

"లేదమ్మా."

"అయితే డబ్బులిచ్చి టిక్కెట్టు తియ్యాలండీ. ఏమనుకోవద్దని చెప్పండి."

నువ్వెందుకు డబ్బులివ్వలేదని ఆవిడ నన్నడిగింది. ఇక్కడ ఆడవాళ్ళకి ఉచితమని చెప్పాను. మరి నేనో అంది. "మీరు ఆడవాళ్ళే గాని, మా ఆడవాళ్ళు కాదు" అన్నాను. సబబుగానే ఉందని డబ్బులిచ్చింది.

ఆ తర్వాత ఆవిడ చూపంతా డ్రైవరు చేతుల మీదే. గేరు మార్చినప్పుడల్లా ఆవిడ కాలు కూడా కింద కొంచెం కదిలేది. ఓడలరేవులో సముద్రం చూపిస్తానంటే, బస్సు తిరిగి ఎప్పుడు బయల్దేరుతుందని అడిగింది. సముద్రం చూడలేదు. అదే బస్సులో అదే సీట్లో వెనక్కొచ్చాం. మర్నాడూ అంతే. మా ఆయన అంతర్వేదికి కారు చెప్పి, మళ్ళీ వద్దని చెప్పారు.

బస్సెక్కడం మొదలెట్టిన మూడో రోజు, తిరుగు ప్రయాణంలో, కాలవ మీద ఇరుకు వంతెన దాటగానే, కొబ్బరికాయల లారీ ఎదురొచ్చింది. లారీ వెనక గడ్డి ట్రాక్టరు, దాని వెనక రొయ్యల వ్యాను. వాళ్ళు వెనక్కి పోలేరు. మా బస్సే వంతెన మీదుగా వెనక్కి వెళ్ళి, అవతల చర్చి ముందున్న వెడల్పు జాగాలో ఒదగాలి. మామూలుగా ఇలాంటప్పుడు బస్సులో మగవాళ్ళందరూ దిగిపోతారు. ఆ రోజూ దిగారు. ఒకాయన "రానియ్ రానియ్" అంటున్నాడు, ఒకాయన "ఆపు ఆపు" అంటున్నాడు, ఇంకొకాయన బస్సు మీద అరచేత్తో బాదుతున్నాడు. కండక్టరమ్మాయి విజిలు ఎవరికీ వినబడ్డం లేదు. డ్రైవరు రెండడుగులు వెనక్కి తీసి ఆపేశాడు.

మా అతిథి దిగింది. మోకాళ్ళు పట్టుకుంటూ మెల్లగా బస్సు వెనక్కి నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను, కాలవలో పడుతుందేమోనని. ఆవిడ వంతెన అవతల, డ్రైవరుకి పక్క అద్దంలో కనబడే చోటు చూసుకుని నిలబడింది. ముందు ఆ మగవాళ్ళ వైపు తిరిగి అరచెయ్యి చూపించింది. అందరూ ఒక్కసారిగా నోళ్ళు మూశారు. మా ఊరి మగవాళ్ళు అలా ఊరుకోవడం నేను ప్రార్థనలో కూడా చూడలేదు.

తర్వాత రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు తన వైపుకి ఆడించింది. బస్సు కదిలింది. ఎడమ చెయ్యి కాస్త వంచింది, బస్సు వెనక భాగం అటు తిరిగింది. పిడికిలి బిగించింది, ఆగింది. ఎవరో గట్టు మీద పెట్టిన స్కూటరు తీసేదాకా ఆ పిడికిలి దించలేదు. మళ్ళీ వేళ్ళు ఆడాయి. వెనక చక్రానికీ వంతెన పిట్టగోడకీ మధ్య జానెడు జాగా కూడా లేదు. ఆవిడ మాత్రం చక్రాన్ని చూడ్డం లేదు, అద్దంలో డ్రైవరు మొహాన్నే చూస్తోంది. ఆయన ఆవిడనే చూస్తున్నాడు. బస్సు వంతెన దాటి చర్చి ముందు జాగాలో ఒదిగింది. లారీ, ట్రాక్టరు, వ్యాను వరసగా వెళ్ళిపోయాయి.

డ్రైవరు దిగొచ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"ఈవిడ ఏ డిపోయండీ?"

"అదేంటండీ, ఆఫీసరని విన్నారు కదా."

"ఆఫీసర్లు చెయ్యి అలా ఊపరండీ. ఊపుతారు గానీ, మనకేం అర్థం కాదు. ఈవిడ స్టీరింగు పట్టిన మనిషండీ బాబూ. నిజం చెప్పండి."

చెప్పాను. ఆయన ఆవిడ వైపు తిరిగి నమస్కారం పెట్టలేదు. భుజం మీద తువ్వాలు సర్దుకుని, చెయ్యి చాచాడు. ఆవిడా చాచింది. తర్వాత ఇద్దరూ బస్సు ముందు చక్రం దగ్గర నిలబడి ఏదో మాట్లాడుకున్నారు. ఆయన తెలుగులో, ఆవిడ వాళ్ళ భాషలో. నన్ను పిలవలేదు. క్లచ్చు గట్టిగా ఉందని ఆయన కాలు తొక్కి చూపించడం మాత్రం నాకు అర్థమయింది. ప్రయాణికులు ఎవరూ విసుక్కోలేదు. ఒక ముసలావిడ మాత్రం, "ఆడమనిషి బస్సు తోలేరంటే మరి పిల్లలకి అన్నం ఎవరొండేరో" అని నన్నడిగింది. నాకు తెలీదన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం మా అతిథి కారం తగ్గించని పీతల పులుసు తిని, కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "రిటైరయ్యాక, నాకు తెలిసిన సంగతి నన్ను ఎవరూ అడగలేదు. అందరూ నాకు తెలియనివి చూపిస్తారు. చాలా అందంగా ఉంటాయి." నేను రిటైరయ్యాక నన్ను కూడా ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ కంచంలో ఇంకో పీత వేశాను.

వెళ్ళిపోయే రోజు కారు వద్దంది. రాజమండ్రి దాకా బస్సులోనే వెళ్ళింది. అమలాపురం దాకా నేనూ వెళ్ళాను. అక్కడ మా ఓడలరేవు బస్సు డ్రైవరు ఆవిణ్ణి రాజమండ్రి బస్సు డ్రైవరుకి అప్పజెప్పి, "మన డిపార్టుమెంటే, ముందు కూర్చోబెట్టండి" అన్నాడు. ఆ మాటని ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ తల తిప్పుకుని కిటికీలోంచి చాలాసేపు బయటికి చూసింది. అక్కడ చూడ్డానికేమీ లేదు, టీ కొట్టు తప్ప.

తర్వాత మళ్ళీ అమలాపురంలో మీటింగు పెట్టారు. అనుభవాలు చెప్పమంటే ఇదంతా చెప్పాను. అధికారికి ఎంతగానో నచ్చింది. విదేశీయులకి కావలసింది బస్సు ప్రయాణమన్నమాట అని తేల్చాడు. నేను చెప్పింది అది కాదని అనబోయాను గాని, అప్పటికే అందరూ చప్పట్లు కొట్టారు.

రెండో విడత మా ఇంటికి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. మా ఆయన వాళ్ళని నేరుగా ఓడలరేవు బస్సు ముందు సీట్లో కూర్చోబెట్టారు. దారి సగం కాకుండానే ఆ అమ్మాయికి డోకులొచ్చాయి. దింపేసి ఆటోలో ఇంటికి తెచ్చాం. మజ్జిగిచ్చి, ఏం కావాలమ్మా అని ఈసారి నేనే అడిగాను. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పెళ్ళి పనులు మొదలైన దగ్గర్నించీ నిద్రలేదని, కొంచెం పడుకోవాలని చెప్పారు. పడుకున్నారు. భోజనానికి లేచి మళ్ళీ పడుకున్నారు. ఉన్నన్నాళ్ళూ అదే పని. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి నన్ను వాటేసుకుంది.

అధికారి ఫోన్ చేసి, వాళ్ళకి బాగా నచ్చిందేమిటని అడిగాడు. నిద్రండీ అన్నాను.

"దాన్ని ప్యాకేజీలో ఎలా పెడతామండీ టీచరుగారూ?"

మా ఆయన మాత్రం మర్నాడే అమలాపురం వెళ్ళి, మేడమీద గదులకి మందపాటి కర్టెన్లు తెచ్చారు.